గోడ చెప్పిన లెక్క

ముప్ఫై రెండేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను. అన్నేళ్ళలో పైఅధికారి నన్ను కాగితం మీద మెచ్చుకున్నది ఒక్కసారే. అది ఒక తప్పు లెక్కకి.

ఈమధ్యే సుద్దముక్క చేతబట్టిన మీలాంటి కుర్ర మాస్టర్లు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, "మీ అనుభవం చెప్పండి మాస్టారూ" అని అడుగుతుంటారు. నేను గెలిచిన కథలు చెబుతానని ఎదురుచూస్తారు. అవీ ఉన్నాయి గానీ, వాటివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. నేను బోర్లా పడ్డ కథ చెబుతాను, వినండి.

ఎనభైల నడిమి సంగతి. గుంటూరు జిల్లా అయిపోయి ప్రకాశం మొదలయ్యేచోట, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఒక హైస్కూలుకి నన్ను బదిలీ చేశారు. కిటికీలోంచి చూస్తే ఒకవైపు పత్తి, ఇంకోవైపు మిరప. పత్తి తీతలు మొదలైతే క్లాసులో సగం బెంచీలు ఖాళీ అయ్యేవి. మిరప కోతలు మొదలైతే మిగతా సగం. చేలోకి వెళ్ళి చూడక్కర్లేదు, హాజరుపట్టీ చూసి ఏ పంట ఎంతవరకు వచ్చిందో చెప్పగలిగేవాణ్ణి.

ఏడో తరగతి లెక్కల పుస్తకంలో, మాటల్లో చెప్పినదాన్ని బీజగణిత సమాసంగా రాయమని ఒక పాఠం ఉండేది. 'ఒక సంఖ్యకు ఐదు కలుపగా' అంటే x + 5 అని రాయాలి. 'ఒక సంఖ్య కంటె మూడు తక్కువ' అంటే x − 3. పుస్తకంలో అది రెండే పేజీలు. నా ప్రాణానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

"x అంటే ఎంతండీ?" అనేవాళ్ళు పిల్లలు.

"తెలియదురా. తెలియదు కాబట్టే x అన్నాం."

"మీక్కూడా తెలవకపోతే మేమెట్టా రాస్తామండీ?"

న్యాయమైన ప్రశ్నే. కానీ నాకు అప్పట్లో న్యాయమైన ప్రశ్నలంటే ఒళ్ళు మండేది. నాది ముక్కుమీద కోపం. దానికితోడు ఏడో తరగతికి జిల్లా మొత్తానికీ ఒకే పరీక్ష. ఫలితాలు పాడైతే అందరికంటే ముందు నిలదీసేది లెక్కల మాస్టారునే. అందుకని ఒక ఆదివారం కూర్చుని ఒక ఉపాయం పన్నాను. ప్రశ్నంతా చదవక్కర్లేదు, అందులో ఒక్క మాట పట్టుకుంటే చాలు. ఎక్కువ, మొత్తం, కలిపితే అని ఉంటే ప్లస్. తక్కువ, తీసేస్తే, మిగిలింది అని ఉంటే మైనస్. రెట్లు అంటే గుణకారం. వంతు అంటే భాగహారం. నాలుగు వరసలు, అంతే. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టలేదని నాకు జాలేసింది కూడా.

ఆ నాలుగు వరసల్నీ క్లాసు గోడ మీద రాయించాను. పత్తి జిన్నింగు మిల్లు బోర్డు రాయగా మిగిలిన నీలం రంగు దొరికింది. రాసింది మా తెలుగు మాస్టారు. ఆయన చేతిరాత ముత్యాల కోవ. స్టూలెక్కి 'ఎక్కువ' అని రాస్తూ మధ్యలో ఆగి వెనక్కి తిరిగారు.

"మాస్టారూ, ఎవరికంటే ఎవరు ఎక్కువో చూసుకోవద్దండీ? మాటలు ఒంటరిగా ఉండవు గదా!"

"మీది పద్యమండీ. దానికి పది అర్థాలుంటాయి. మాది లెక్క. ఒకటే అర్థం" అన్నాను.

ఆయన చాలా మంచి మనిషి. ఇంకేమీ అనకుండా అందంగా రాసిపెట్టారు.

గోడ అద్భుతంగా పనిచేసింది. అంతవరకు నోరు విప్పని పిల్లలు గోడ చూసి గడగడా చెప్పసాగారు. ఎవరైనా నసిగితే "గోడ చూడరా!" అంటే చాలు, జవాబు వచ్చేసేది. హెడ్మాస్టరుగారు వారానికి రెండుసార్లు వచ్చి గోడని చూసి తల పంకించి వెళ్ళేవారు. ఆయనకి రికార్డులంటే ప్రాణం. గోడ ఆయన కంటికి సున్నం మీద రాసిన రికార్డులా కనపడింది. ఎరువుల కొట్టు వాళ్ళబ్బాయి ఒకడుండేవాడు, నా శిష్యుల్లో మొదటివాడు. వాడైతే గోడవైపు చూడకుండానే గోడంతా అప్పజెప్పేవాడు.

ఒక్క పిల్ల మాత్రం ముందు ప్రశ్న చూసేది. ఆ తరవాత పైకప్పుకేసి చూసేది. చివరికి ఎప్పుడో జవాబు చెప్పేది. ఊరి చివర చర్చి వెనక పేటలో ఉండేవాళ్ళు. తల్లి కూలిపనికి వెళ్ళేది, తండ్రి లేడు. సెలవురోజుల్లో ఈ పిల్ల కూడా పత్తి తీయడానికి వెళ్ళేది. గోడ ఉండగా పైకప్పు చూసేవాళ్ళంటే నాకు చిరాకు.

ఆ ఏడు డిసెంబరులో ఒక కాగితం వచ్చింది. ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూల్లో ఎనిమిదో తరగతి ప్రవేశపరీక్షకి మా బడి నుంచి ఒక్క పేరు పంపమని. తిండి, బట్ట, పుస్తకాలు అన్నీ వాళ్ళవే. ఎరువుల కొట్టు అబ్బాయికి అది గౌరవం. ఈ పిల్లకి మాత్రం చదువంటే అదొక్కటే. సీటు వస్తే చదువుతుంది, లేకపోతే ఏడుతో ఆపించి కూలికి తీసుకుపోతానని తల్లి ముందే చెప్పేసింది. ఆ సంగతి నాకూ తెలుసు, బడిలో అందరికీ తెలుసు.

అన్ని సబ్జెక్టుల్లోనూ పరీక్ష పెట్టాం. లెక్కల పేపరు నేనే తయారుచేశాను. పిల్లల జీవితంలోంచి ప్రశ్నలు తియ్యమని అంతకుముందే ట్రైనింగులో చెప్పారు. తీశాను. మా వైపు పత్తి తీసే ఆడవాళ్ళు ఇంటి నుంచి పాత చీర తెచ్చుకుని, తీసిన పత్తి అందులో మూట కడతారు. సాయంత్రం గట్టు మీద కూలీల మేస్త్రి ఆ మూటని గుడ్డతో సహా కాటాకి తగిలించి తూచి, గుడ్డ బరువు కింద కొంత తీసేసి చెబుతాడు. అందులోంచి పుట్టింది నా ప్రశ్న: 'పత్తి మూట బరువు లోపలి పత్తి బరువు కంటె అర కిలో ఎక్కువ. మూట బరువు x కిలోలు. పత్తి బరువెంత?' అలాంటివి మూడు, ఒక్కోటి రెండు మార్కులు.

జవాబులు నేను ఆలోచించి రాయలేదు. నాకూ గోడ అలవాటైపోయింది. ప్రశ్నలో 'ఎక్కువ' ఉంది, జవాబు x + ½. మీరు నవ్వొచ్చు. ఎమ్మెస్సీ చదవలేదు గానీ, బీయెస్సీలో లెక్కలు ఫస్టు క్లాసులో ప్యాసయినవాణ్ణి. అరవై పేపర్లు దిద్దాను. యాభై తొమ్మిది మందీ ప్లస్ రాశారు. ఒక్క పేపర్లో మూడు చోట్లా మైనస్ ఉంది. మూడుసార్లు ఎర్రసిరాతో కొట్టేశాను. మూడోసారి కాస్త గట్టిగానే గీశాను, కాగితం చిరిగింది.

పేపర్లు పంచినరోజు ఆ పిల్ల లేచి నిలబడింది.

"సార్, మూటలోంచి గుడ్డ తీసేస్తే బరువు తగ్గుద్ది గదండీ?"

"ప్రశ్నలో ఎక్కువ అని ఉందా లేదా?"

"ఉందండి."

"ఎక్కువ అంటే గోడ మీద ఏముంది?"

"ప్లస్ అని ఉందండి."

"మరి?"

ఆ పిల్ల ఓసారి గోడకేసి, ఓసారి పేపరుకేసి చూసింది. "అలాగేనండి" అని కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను. అన్ని పేపర్లూ కలిపి నాలుగు మార్కుల తేడాతో ఎరువుల కొట్టు అబ్బాయి మొదట వచ్చాడు. ఆ పిల్ల రెండోది. మర్నాటి నుంచి బడికి రాలేదు. హాజరుపట్టీలో నేనే ఆబ్సెంట్ వేస్తూ, పత్తి బాగా పగిలినట్టుందిలే అనుకున్నాను.

జనవరిలో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఆ అధికారిగారు బడి చూడటంతోపాటు, పంపాల్సిన పేరు మీద సంతకం కూడా పెట్టి వెళ్ళాలి. పొద్దున్నే ఆయన జీపుకంటే ముందు ఆ పిల్ల తల్లి వచ్చింది. టీసీ ఇప్పించమని అడిగింది. హెడ్మాస్టరుగారు కంగారుపడి, "ఇయ్యాళా? అయ్యగారెళ్ళిందాకా ఆ వరండాలో కూర్చో" అని కసిరారు. ఆవిడ స్తంభం పక్కన గొంతుక్కూర్చుంది.

అధికారిగారు నేరుగా నా క్లాసుకే వచ్చారు. గోడ పేరు ఆయనదాకా వెళ్ళిందట. కొత్త ఇస్త్రీ చొక్కాలో ఉన్న నేను చాక్‌పీసు చేత్తో పట్టుకుని, "మీకు తోచిన ప్రశ్న మీరే అడగండి సార్" అన్నాను. అంత ధీమా.

ఆయన కాసేపు మీసం నిమిరారు. "మా అబ్బాయి కంటే నా వయసు ఇరవై ఎనిమిదేళ్ళు ఎక్కువ. నా వయసు x. మరి మా అబ్బాయి వయసు?"

యాభై గొంతులు ఒక్కసారి లేచాయి. "x ప్లస్ ఇరవై ఎనిమిది సార్!"

"వెరీ గుడ్" అన్నారు ఆయన.

నేను ఆయన మొహం చూస్తున్నాను. రంగేసిన మీసం. బట్టతల. ఆ మొహానికి ఇంకో ఇరవై ఎనిమిదేళ్ళు కలిపి కొడుకుని ఊహించుకోబోయాను. అప్పుడు వెలిగింది నాకు.  యాభైమంది పిల్లలు తండ్రి కంటే కొడుకుని పెద్దవాణ్ణి చేశారు, తండ్రి వెరీ గుడ్ అన్నాడు, మధ్యలో నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయనా పాపం గోడే చూశారు. మూడు చోట్ల నేను గీసిన ఎర్రగీతలు కళ్ళముందు కదిలాయి.

బెల్లు కొట్టాక ఆయన హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళారు. నేను వరండాలో ఆ తల్లి ముందు ఆగాను. ఏమడగాలో తెలియక, "పిల్ల ఏదమ్మా?" అన్నాను.

"చేలో ఉందండి. పంతులుగారూ, ఆ టీసీ కాయితమేదో మీరన్నా ఇప్పించండి, మజ్జాన్నం తీతకి పోవాల."

"పిల్ల ఆ పరీక్ష గురించి నీకేమైనా చెప్పిందా?"

ఆవిడ తల వంచుకుంది. "చెప్పిందండి. నేను రాసిందే రైటమ్మా అని ఒకటే ఏడుపు. పంతులుగారు తప్పంటే నువ్వు రైటంటావా అని కొట్టానండి. అన్నం తినకుండా పొణుకుంది."

"నువ్వు చెప్పమ్మా. మూటలోంచి గుడ్డ తీసేస్తే బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?"

ఆవిడ నాకేసి వింతగా చూసింది. "తగ్గుద్దండి. రోజూ కాటా కాడ నిలబడేదాన్ని, నాకు తెలవదా?"

"తెలిసీ ఎందుకు కొట్టావు?"

"మీరు ఎర్రసిరాతో కొట్టేశారు గదండీ. బళ్ళో లెక్క ఏరేమో అనుకున్నా."

 సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ తనకు తెలిసిన నిజాన్ని పక్కనపెట్టి నా తప్పుని నమ్మింది. నమ్మి, కన్నకూతుర్ని కొట్టింది. పంతులంటే అంత గౌరవం మరి. ఆ గౌరవాన్ని నేను వాడుకున్న తీరు అది.

గదిలోకి వెళ్ళేసరికి అధికారిగారు తనిఖీ రిజిస్టర్లో నా గోడ గురించి అరపేజీ రాసి సంతకం పెట్టేశారు. రెసిడెన్షియల్ స్కూలు కాగితం ముందుకు లాక్కుని పెన్ను మూత తీశారు.

"సార్, ఒక్క నిమిషం. మీ అబ్బాయికి ఎన్నేళ్ళు?"

"ఇరవై అయిదు. ఏం?"

హెడ్మాస్టరుగారు బల్లకింద నా కాలు తొక్కారు.

"మా పిల్లలు చెప్పిన లెక్క ప్రకారం ఆయన మీకంటే ఇరవై ఎనిమిదేళ్ళు పెద్దవారు సార్. మీరు వెరీ గుడ్ అన్నారు."

 ఆయన పెదాలు కదులుతున్నాయి, లెక్క వేసుకుంటున్నారు. మొహం ఎర్రబడింది.

"మరి గోడ మీద...?"

"గోడ తప్పు సార్. గోడ నాదే. దాన్ని బట్టి పేపర్లు కూడా తప్పు దిద్దాను. రైటు రాసింది ఒక్క ఆడపిల్ల, దానికే సున్నా వేశాను. ఆ పిల్ల తల్లి టీసీ కోసం బయట కూర్చుని ఉంది."

"రిజిస్టర్లో రాసేశానయ్యా!"

"ఈ కాగితం మీద ఇంకా రాయలేదు గద సార్."

 ఆయన నన్ను సస్పెండ్ చేస్తారనుకున్నాను. పెన్నుకి మూత పెట్టి, "నేను టీ తాగేలోపల మళ్ళీ దిద్ది పట్టుకురా" అన్నారు. యాభై తొమ్మిది మందికి ఆరేసి మార్కులు కోసి, ఒక్క పిల్లకి ఆరు కలిపాను. ఆ పేరు మీద ఆయన సంతకం పెట్టారు. రిజిస్టర్లో రాసిన మెచ్చుకోలు కొట్టేయమని అడిగితే మాత్రం ఒప్పుకోలేదు. రిజిస్టర్లో కొట్టివేతలు ఉండకూడదట.

ఎరువుల కొట్టు అబ్బాయిని పిలిచి సంగతి చెప్పాను. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు గానీ, "గోడ మీద అట్టాగే ఉంది గదండీ, మీరే గోడ చూడమన్నారు గదండీ" అన్నాడు. వాడన్నదీ నిజమే. "తప్పు నీది కాదురా, నాది" అన్నాను. మాస్టారు నోటి నుంచి ఆ మాట ఎప్పుడూ వినకపోవడం వల్లేమో, వాడు దానికే బెదిరిపోయాడు.

మధ్యాహ్నం ఆ తల్లితో కలిసి చేలోకి నడిచాను. ఆ పిల్ల గట్టు పక్కన కూర్చుని పాత చీరలో పత్తి కుక్కి ముడి వేస్తోంది. నన్ను చూసి లేచింది.

"నువ్వు రాసిందే రైటమ్మా. నేనే తప్పు దిద్దాను. నీ పేరే పంపుతున్నాం."

ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నేను రాసింది రైటని నాకు తెలుసండి. మా అమ్మకి చెప్పండి సార్" అంది.

తల్లి నా వెనకే ఉంది. వచ్చి పిల్ల చేతిలోని మూట తీసుకుని, మిగతా ముడి తను వేసింది.  కొంగుతో రెండుసార్లు మొహం తుడుచుకుంది.

ఆ వారమే గోడ చెరిపేద్దామని బయలుదేరాను. హెడ్మాస్టరుగారు సున్నానికి బడి తరఫున ఏమీ రాదన్నారు. పిడుగురాళ్ళ నుంచి వచ్చే సున్నం బండి దగ్గర నేనే ఒక బస్తా కొన్నాను. తెలుగు మాస్టారు కూడా పంచె ఎగ్గట్టి సాయం చేశారు. 'నేను ముందే చెప్పాను' అని ఒక్క మాటైనా అంటారేమోనని ఎదురుచూశాను. "రంగు మంచిదండీ, మూడు పూతలు పడితేగాని పోదు" అని మాత్రం అన్నారు.

మూడో పూత ఆరకముందే సర్క్యులర్ వచ్చింది. మా బడి గోడ ఆదర్శప్రాయంగా ఉన్నది కనుక, జిల్లాలోని బళ్ళన్నిటిలోనూ ఆ నాలుగు వరసలూ రాయించి, రాయించినట్టు తెలియజేయవలెను అని. అధికారిగారు కొట్టెయ్యని అరపేజీ పైకి పాకి అలా తేలింది. అది తప్పని వివరంగా రెండు ఉత్తరాలు రాశాను. అందినట్టు కూడా ఎవరూ జవాబివ్వలేదు. హెడ్మాస్టరుగారు మాత్రం తెల్లటి గోడ ముందు నిలబడి కాసేపు ఆలోచించి, 'మా పాఠశాలలో ఇదివరకే అమలు జరుపబడినది' అని రాసి పంపారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆ తరవాత నేను వేటపాలెం వైపు ఒక బడికి బదిలీ అయ్యాను, ఆపైన ఇంకో రెండింటికి. ఎక్కడికి పోయినా నా గోడ నాకంటే ముందే చేరి ఉండేది. మొదటి నెల జీతంలో ఎప్పుడూ ఒక సున్నం బస్తా కొనుక్కునేవాణ్ణి.

ఆ పిల్ల ప్రవేశపరీక్ష ప్యాసై జూన్‌లో రెసిడెన్షియల్ స్కూల్లో చేరింది. ఆగస్టులో నాకొక కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు. ఇది ఇన్నాళ్ళూ దాచుకున్నాను, మీకు చూపిస్తాను.

'మాస్టారు గారికి నమస్కారములు. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. అన్నం బాగుంటుంది. మా అమ్మకు ఈ కార్డు చదివి వినిపించండి. ఇక్కడ మా క్లాసులో కూడా మీ గోడ ఉన్నది. మొదటి రోజు చూసి భయం వేసింది. ఇప్పుడు దానికి వీపు ఆనించి కూర్చుంటున్నాను. అలా కూర్చుంటే అది నాకు కనపడదు.'